నాన్న గీసిన శ్రీ

పోయిన నెలలో ఒక అమ్మాయి హైదరాబాదు నుంచి నన్ను వెతుక్కుంటూ ఏలూరు వచ్చింది. పేరు సౌజన్య. భుజాన సంచి, సంచిలో కంప్యూటరు, కళ్ళల్లో ఆశ. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "రత్నమ్మగారు మీరేనా అండీ? మా తాతయ్య మీ నాన్నగారి ప్రెస్సులో కంపోజిటరుగా చేసేవారండి" అంది. కోటయ్యగారి మనవరాలన్నమాట. కోటయ్యగారంటే మా ప్రెస్సులో నిలువెత్తు అక్షరాల గళ్ళ కేసు ముందు నిలబడి, నోట్లో వక్క నములుతూ, సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషి. ఆయన ముక్కే ఈ పిల్లకీ వచ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

ఈ పిల్ల చేసే పని కంప్యూటర్లో తెలుగు అక్షరాలు తయారు చేయడమట. శుభలేఖలకీ, సన్మాన పత్రాలకీ వాడుకోవడానికి నిండైన అందం ఉన్న అక్షరం మన భాషలో లేదని దాని బాధ. వాళ్ళ తాతయ్య ముసలితనంలో మంచం మీద పడుకుని, గాలిలో వేలితో ఏవో గీస్తూ, "పంతులుగారి అక్షరం లాంటిది మళ్ళీ పుట్టదే" అనేవారట. మా నాన్న పంతులేమీ కాదు, కోటయ్యగారు గౌరవానికి అలా పిలిచేవారు. "ఒక్క కాగితం ఉన్నా చాలండి, ఒక్క అచ్చు ముక్క ఉన్నా చాలు. మిగిలింది నేను చూసుకుంటాను" అంది. ఏమీ లేదమ్మా అన్నాను. నమ్మలేదు. ముసలివాళ్ళ ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటుందనీ, దాని అడుగున చీర మడతల్లో ఏదో దాగి ఉంటుందనీ ఈ కాలం పిల్లలకి గట్టి నమ్మకం. మా ఇంట్లో ట్రంకుపెట్టె ఉంది, అందులో దోమతెరలు ఉన్నాయి.

అప్పట్లో మా ఇల్లు కాలవకి దగ్గర. ముందు గదిలో ప్రెస్సు, వెనక రెండు గదుల్లో మేము. మధ్యలో తలుపు ఉండేది కానీ మూసిన గుర్తు లేదు. అందుకని సిరా వాసన వంటింట్లోకీ, పులుసు వాసన ప్రెస్సులోకీ తిరుగుతూ ఉండేవి. పొద్దున్నే అమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేసరికి నాన్న స్నానం అయ్యేది. తడి తుండుతోనే ముందు గదిలోకి వెళ్ళి కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషనుకి కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు కాఫీకి వచ్చేవాడు. సాయంత్రం అక్షరాలన్నీ కిరసనాయిలుతో తుడిచి కేసుల్లో సర్దేవారు. ఆ చేతులు ఎంత కడుక్కున్నా వాసన పోయేది కాదు. మా ఇంట్లో అన్నం తింటే దీపం మింగినట్టుంటుందని చుట్టాలు వెక్కిరించేవారు. అమ్మ మూతి ముడుచుకునేది కానీ, ఆవిడ చీర కొంగుకీ అదే వాసన.

అమ్మా నాన్నా ఇద్దరూ కొల్లేటి లంకల వాళ్ళే. నాన్న చిన్నప్పుడే చదువుకని ఏలూరు వచ్చి, చదువు సగంలో ఆపి, అచ్చు పని నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ పేరు సూరమ్మ. చదువు లేదు. ఆవిడ తమ్ముడు పోతురాజు మావయ్య మాత్రం లంకలోనే వల వేసుకుని బతికేవాడు. వారానికోసారి పడవ మీద వచ్చి మా వెనక గుమ్మంలో తాటాకు బుట్ట దించేవాడు. బుట్టలో కొరమేనులో, జెల్లలో ఉండేవి. చంకలో ఒక కిక్కిస కట్ట ఉండేది. కిక్కిస అంటే కొల్లేటి ఒడ్డున మనిషి ఎత్తున పెరిగే రెల్లు. అందరూ దాంతో ఇంటికప్పులూ, తడకలూ చేసుకునేవారు. మా నాన్న కలాలు చేసుకునేవాడు. ఒక్కో పుల్లా ఎండబెట్టి, చివర ఏటవాలుగా కోసి, గోటి మీద రుద్ది చూసి, పనికిరానిదాన్ని విరిచి పొయ్యి దగ్గర పడేసేవాడు. "బావగారు కట్టంతా పొయ్యికే పెడుతున్నారే అక్కా, కిక్కిస బదులు ఓ మోపు కట్టెలు తేనా?" అని మావయ్య నవ్వేవాడు.

నాన్న పట్టుదల ఏమిటంటే, శుభలేఖకంటూ ఒక అక్షరం ఉండాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రెస్సులన్నిట్లోనూ ఉన్నవి అవే రెండు మూడు రకాల అక్షరాలు. వాటితోనే కోర్టు నోటీసు, వాటితోనే తలనొప్పి మందు కరపత్రం, వాటితోనే ఆడపిల్ల పెళ్ళి పిలుపు. "ఇంటికి చుట్టం వస్తే చాప మార్చి వేస్తాం కదా, అక్షరం మార్చమా?" అనేవాడు. పని లేని ప్రతి సాయంత్రమూ అరుగు మీద కూర్చుని కాగితాల వెనక వైపున రాసేవాడు. కలం కిందికి దిగేటప్పుడు గీత నిండుగా, పైకి లేచేటప్పుడు వెంట్రుకంత సన్నగా వచ్చేది. తలకట్టు విసురుగా ఎగిరేది. ఒత్తులు అక్షరం కింద నలిగిపోకుండా, కుచ్చెళ్ళలా విప్పుకుని నిలబడేవి. నాకు అక్షరాలు బడిలో రాలేదు, ఆ అరుగు మీదే వచ్చాయి. అందుకే ఇప్పటికీ ఎవరైనా వంకరటింకరగా రాస్తే ఒళ్ళు మండుతుంది.

రాసిన ప్రతిదీ అమ్మకి చూపించాలి. ఆవిడకి చదవడం రాదు కనక అర్థం అడ్డం వచ్చేది కాదు, రూపమే చూసేది. "ఈయన మొహం చిట్లించుకున్నాడండి" అనేది ఒక అక్షరాన్ని చూసి. "ఈవిడకి నడుం పట్టేసింది" అనేది ఇంకోదాన్ని చూసి. నాన్న గొణుక్కుంటూ మళ్ళీ గీసేవాడు. అన్నిటికన్నా ఎక్కువ గొడవ శ్రీ దగ్గర వచ్చింది. శుభలేఖ నెత్తిన ఒంటరిగా నిలబడే పెద్ద శ్రీ అది. దాని కింద వేలాడే తోక లోపలికి తిరగాలా, బయటికి విప్పుకోవాలా అని ఇద్దరూ నెలల తరబడి వాదించుకున్నారు.

"లోపలికి ముడుచుకుంటే దిగులుగా కూర్చున్న ఆడదానిలా ఉందండీ. బయటికి విప్పండి, వచ్చేవాళ్ళని రండి రండి అన్నట్టుంటుంది" అనేది అమ్మ.

"శ్రీ అంటే లక్ష్మే పిచ్చిదానా. బయటికి విప్పితే వెళ్ళిపోతుంది. లోపలికి తిప్పితేనే ఇంట్లో ఉంటుంది" అనేవాడు నాన్న.

"ఏం ఉందండీ మనింట్లో, వెళ్ళిపోవడానికి?"

నాన్న నవ్వు ఆపుకోలేక కలం కింద పెట్టేసేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పుడు కూడా వినిపిస్తుంది. అలా రోజూ పులుసులో గరిట తిప్పుతూ అమ్మా, అరుగు మీంచి నాన్నా అవే మాటలు ఒకరికొకరు అప్పజెప్పుకునేవారు. మధ్యలో కోటయ్యగారు తల దూర్చి, "ఇద్దరూ కలిసి ఆ తోకని తెంపేసేలా ఉన్నారండి" అనేవారు. చివరికి ఏదో ఒకటి తేలింది. బొమ్మలన్నీ జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టి మద్రాసులో అక్షరాలు పోత పోసే ఒక కార్ఖానాకి పంపించాడు.

అక్కడి నుంచి ఎంత కాలానికి వచ్చాయో చెప్పలేను. ఇదిగో అదిగో అని ఉత్తరాలు రావడం, నాన్న వాటిని చదివి నిట్టూర్చడం ఇంట్లో అలవాటైపోయింది. ఒకనాడు స్టేషను నుంచి రిక్షాలో చెక్కపెట్టె దిగింది. ఇద్దరు మనుషులు పట్టినా లేవలేదు, సీసం కదా. అమ్మ పెట్టెకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టించి, మూత తీయనిచ్చింది. అన్నిటి మీదా మెత్తటి కాగితంలో శ్రీ ఉంది. మెరుపు చూసి వేడిగా ఉంటుందనుకున్నాను కానీ, అరచేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంది. అమ్మ దాని మీద వేలితో రాసి చూసి, "ఇదేంటండీ, తిరగబడి ఉంది?" అని కంగారు పడింది. "సీసంలో అలాగే ఉంటుందే, అచ్చేస్తే తిన్నగా వస్తుంది" అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత మెత్తగా అంతకు ముందు నేను వినలేదు.

ఆ అక్షరాలతో వేసే మొదటి కార్డు నా పెళ్ళిదే కావాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. అప్పటికే నాకు తాడేపల్లిగూడెంలో సంబంధం ఖాయమైంది, కోతలూ మాసూళ్ళూ అయ్యాక ముహూర్తం అనుకున్నారు. ఈలోగా గణపవరం నుంచి ఒక రైతుగారు కొడుకు పెళ్ళికని వచ్చి, కేసులో ఉన్న కొత్త అక్షరాలు చూసి మోజు పడ్డారు. "ఎంతైనా పర్వాలేదండీ, ఇవే వేయండి" అని బతిమాలారు. నాన్న చేతులు జోడించి, "మా అమ్మాయి శుభలేఖ అయ్యాక మీ ఇష్టమండి. అంతదాకా ఎవరికీ లేదు" అన్నాడు. ఆయన నొచ్చుకుంటూనే మామూలు అక్షరంతో వేయించుకు వెళ్ళారు. ఆ రోజు నాన్న ఒప్పుకుని ఉంటే! ఈ ఒక్క మాట నేను జీవితమంతా నములుతున్నాను. ఊరంతా ముందు ఒక పెళ్ళి కార్డు మీద చూసి ఉంటే, తర్వాత జరిగింది జరిగేది కాదు.

నా శుభలేఖ మీద అమ్మకి కూడా ఒక కోరిక ఉండేది. ఆవిడ పెళ్ళికి కార్డులు లేవు. పడవలో లంక లంకకీ వెళ్ళి, బొట్టు పెట్టి పిలిచారు. "నా పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చు పడలేదండీ. అమ్మాయి కార్డు మీద మీ పేరు పక్కన వేయించండి. ఈ కొత్తవాటితోనే వేయించండి. చదవలేను కానీ ఎక్కడుందో చూపిస్తే వేలు పెట్టుకుంటాను" అంది. నాన్న అప్పటికప్పుడే సూరమ్మ అన్న అక్షరాలు ఏరి చేతిలో పేర్చి చూపించాడు. తిరగబడి ఉన్నాయి కదా, ఆవిడ "కార్డు మీదే చూస్తాను లెండి" అంది.

అమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మావయ్య కొల్లేటి నుంచి తెచ్చిన చేపలు వండలేక పక్కింటికి ఇచ్చేసినప్పుడు కూడా మాకు భయం వేయలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాక డాక్టరుగారు టైఫాయిడ్ అన్నారు, ముదిరిపోయింది అన్నారు. నెల తిరక్కుండానే అమ్మ వెళ్ళిపోయింది. ఎంత ఏడ్చినా తరగని దుఃఖాలు ఉంటాయని అప్పుడు తెలిసింది. ప్రెస్సుకీ ఇంటికీ మధ్య తలుపు తీసే ఉంది, పులుసు వాసన మాత్రం లేదు.

పెద్దకర్మకి కార్డులు వేయాలి. కోటయ్యగారు మామూలు కేసు దగ్గరికి వెళ్ళి చేయి పెట్టబోతుంటే, నాన్న ఆయన్ని పక్కకి తప్పుకోమన్నాడు. కొత్త కేసు ముందుకి లాగాడు. కోటయ్యగారి మొహం పాలిపోవడం నేను తలుపు దగ్గర నుంచే చూశాను.

"వద్దండీ పంతులుగారూ. ముందుగా అశుభానికా? అది శుభలేఖ అక్షరమండీ."

నాన్న సూ అన్న అక్షరం ఏరి చేతిలో పెట్టుకున్నాడు.

"పోనీ ఒక్క నెల ఆగి, అమ్మాయిగారి కార్డు మీద కీర్తిశేషులని వేద్దామండీ."

"పెళ్ళి కార్డు మీద ఇప్పుడే పోయినదాని పేరు మగపెళ్ళివాళ్ళు వేయనిస్తారటయ్యా?" అన్నాడు నాన్న. "దాని పేరు అచ్చులో చూస్తానంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు."

ఆయన స్వయంగా పేర్చాడు. అశుభ పత్రిక కనక నెత్తిన శ్రీ పెట్టరు, ఆ పెద్ద శ్రీ కాగితంలోనే ఉండిపోయింది. మిగిలినదంతా ఆ అక్షరాలే. నడి మధ్యలో సూరమ్మ. నాన్న ట్రెడిల్ తొక్కుతుంటే మొదటి కార్డు చేతిలోకి తీసుకున్నాను. అంత అందమైన కాగితం నేను పుట్టాక చూడలేదు. ఏడుస్తూనే, అమ్మ పేరు మీద వేలు పెట్టాను. తడి సిరా అంటుకుంది.

కార్డులు వెళ్ళాయి. ఏలూరంతా, తాడేపల్లిగూడెం, లంకలు, నాన్నకి తెలిసిన ఊళ్ళన్నీ. ఇప్పటి వాళ్ళకి చెప్పాలేమో, అశుభ పత్రికని ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. గుమ్మం బయటే చదివి, చించి పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళతారు. ఇది మాకు మాత్రం తెలియదా? మేమూ అలా ఎన్ని చించామో. కానీ మా కార్డు గురించి ఆ ఆలోచనే రాలేదు. ఎదురింటి పంతులమ్మగారు బళ్ళో నుంచి వస్తూ వాకిట్లోనే కార్డు అందుకున్నారు. అమ్మ అంటే ఆవిడకి ప్రాణం. అరుగు మీద కూర్చుని చదివి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మళ్ళీ చదివారు. నన్ను చూసి, "ఎంత చక్కగా వేశారమ్మా మీ నాన్నగారు, ముత్యాలే" అన్నారు. ఆ మాట అంటూనే కార్డుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చించి పక్క కాలవలో వేసి, చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నారు. ఒక ముక్క నీళ్ళలో పడకుండా గట్టు మీద ఆగింది. దాని మీద సూర అని ఉంది. నాకు ఆవిడ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆవిడ తప్పు ఏముంది? ఊరూరా అందరూ అదే చేస్తున్నారు ఆ పూట. అందరూ మెచ్చుకుంటూ చించారు. కర్మ అయ్యాక మిగిలిపోయిన కార్డులని, నేను వేలు పెట్టిన దానితో సహా, పద్ధతి ప్రకారం కోటయ్యగారే దొడ్లో కాల్చేశారు.

తల్లి పోయిన ఇంట్లో ఏడాది లోపల పెళ్ళి చేయాలి, లేకపోతే చాలా కాలం ఆగాలని పెద్దలు తేల్చారు. నాన్న నా శుభలేఖ పేర్చాడు. ఈసారి శ్రీని కాగితంలోంచి తీశాడు. ఎర్ర సిరాతో ఒకే ఒక్క ప్రూఫు తీసి అరుగు మీద ఆరబెట్టాడు. నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అదే సమయానికి పెళ్ళి పనులు మాట్లాడ్డానికి తాడేపల్లిగూడెం నుంచి మా కాబోయే మావగారు వచ్చారు. మంచి మనిషి, నెమ్మదస్తుడు. మంచినీళ్ళు తాగి, ప్రూఫు చూసి, గ్లాసు కింద పెట్టేశారు.

"బావగారూ, మరోలా అనుకోకండి. అక్షరం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుందండి. కానీ ఇది మాకు వద్దండి."

"ఏమండీ?" అన్నాడు నాన్న, తెలిసే.

"చెల్లెమ్మ కార్డు ఇంకా అందరి కళ్ళల్లోనూ ఉందండి. మా ఆడవాళ్ళు ఈ అక్షరం చూస్తే గుమ్మం దాటి లోపలికి తేనివ్వరు. నాలుగు మూలలా పసుపు రాసినా, అక్షరం అదే కదండీ."

నేను ఆగలేకపోయాను. తలుపు చాటు నుంచి బయటికి వచ్చేశాను. పెళ్ళికూతుర్ని, నోరు విప్పకూడదు, అవన్నీ అప్పుడు గుర్తు లేవు. "మా అమ్మ పేరు వేసిన అక్షరం అశుభం ఎలా అవుతుందండీ? ఆ అక్షరం నాకోసం చేశారండీ. అది వద్దంటే ఈ పెళ్ళీ వద్దండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వన్నది నిజమే తల్లీ. నేను కాదనను. కానీ రేపు మా ఇంట్లో నీకు తలనొప్పి వచ్చినా, కాన్పు కష్టమైనా, నలుగురూ ఈ కార్డునే అంటారు. ఆ మాట మీ నాన్న పడగలరా? ఆయన్నే అడుగమ్మా" అన్నారు.

నేను నాన్న వైపు తిరిగాను. ఊరందరితోనూ పోట్లాడతాడనుకున్నాను. ఇన్నేళ్ళు గీసినవాడు, పెళ్ళానికి సమాధానం చెబుతూ గీసినవాడు, ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. నాన్న ప్రూఫు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మడిచాడు. "పడలేనమ్మా" అన్నాడు. అంతే. లేచి వెనక్కి వెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టాడు. నాన్నకి ఆ నమ్మకాలు లేవు. ఉన్నది నేను ఒక్కదాన్నే, నాకేమైనా అయితే అన్న భయం. ఆ భయానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు, ఇప్పటికీ కాదు. నా శుభలేఖలు తాడేపల్లిగూడెంలోనే మామూలు అక్షరాలతో వేయించారు. పైన శంఖం బొమ్మ ఉండేది. అమ్మ పేరు ఎక్కడా లేదు.

ఆ తర్వాత మా ప్రెస్సుకి శుభలేఖల కోసం వచ్చేవాళ్ళు ముందే, "ఆ అక్షరం కాకుండా అండీ" అనేవారు. పేరు కూడా పెట్టలేదు దానికి, ఆ అక్షరం, అంతే. గణపవరం రైతుగారు రెండో కొడుకు పెళ్ళికి వచ్చి, ఇబ్బందిగా తల గోక్కుని, అదే మాట అన్నారట. ఇంకా ఘోరం ఏమిటంటే, దాన్ని కోరి వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. తండ్రి పోయిన కొడుకులు. "మీ ఆవిడగారి కార్డు చూశామండీ, ఎంత నిండుగా ఉందో. మా నాన్నగారికి కూడా అదే వేయండి" అని ప్రేమగా అడిగేవారు. అలాంటివాళ్ళకి నాన్న మంచినీళ్ళు ఇచ్చి, ఆ అక్షరాలు అరిగిపోయాయండీ అని చెప్పి పంపేవాడట. ఇదంతా నేను పండక్కీ పబ్బానికీ పుట్టింటికి వచ్చినప్పుడు కోటయ్యగారు వక్క నములుతూ చెప్పారు. అంత బాగున్న అక్షరాలని అరిగిపోయాయి అనడానికి నాన్నకి ఎలా నోరొచ్చిందో నాకు తెలియదు. మద్రాసు కార్ఖానా చేతులు మారిందనీ, అచ్చు మూసలు కరిగించేశారనీ ఒక ఉత్తరం కూడా వచ్చింది. బొమ్మలు వాళ్ళు తిరిగి పంపనే లేదు. చిత్తు కాగితాలు ఏనాడో నీళ్ళ పొయ్యి కిందికి వెళ్ళాయి.

ఒకసారి నేను కాన్పుకి వచ్చేసరికి కొత్త కేసు ఉన్న చోట కాగితం రీములు ఉన్నాయి. నాన్నని అడగబుద్ధి కాలేదు. మావయ్య చేపల బుట్టతో వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. వలల అంచుకి బరువు కోసం సీసపు గుళ్ళు కడతారు. అవి ఉంటేనే వల నీళ్ళలో దిగుతుంది. నాన్న ఆ అక్షరాలన్నీ మావయ్య పడవలోకి ఎక్కించి, కరిగించి గుళ్ళు పోసుకోమన్నాడట.

"నేను వద్దన్నానే అమ్మా. అక్క పేరున్న సీసం నీళ్ళలో ఎలా వేస్తానండీ బావగారూ అన్నాను. మీ అక్క పుట్టిన నీళ్ళే కదయ్యా, పోనీ అన్నారు. ఇంకేం అనను?" మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మొలలోంచి ఒక గుండు తీసి నా చేతిలో పెట్టాడు. "ఒకటి నీకని అట్టేపెట్టాను. ఇందులో ఏ అక్షరం ఉందో మాత్రం నాకు తెలీదు."

మావయ్య ఆ వలలు వేసినంతకాలం వేశాడు. వలలు చిరుగుతాయి, గుళ్ళు ఊడిపోతాయి, కొల్లేటి అడుగున బురదలో కూరుకుపోతాయి. ఆ తర్వాత కొల్లేరే లేకుండా పోయింది. ఇప్పుడు మా అమ్మ పుట్టిన లంక చుట్టూ గట్లు, చేపల చెరువులు, మేత బస్తాలు. కిక్కిస కావాలంటే వెతుక్కోవాలి. ఎక్కడి బురద ఏ గట్టులోకి వెళ్ళిందో చెప్పేవాడు లేడు. నాన్న మరో పాతికేళ్ళు కరపత్రాలూ, రసీదు పుస్తకాలూ అచ్చేసుకుని వెళ్ళిపోయాడు. కలం మళ్ళీ పట్టలేదు. ఆయన కర్మ కార్డు కోటయ్యగారే పేర్చారు. అప్పటికి నేనింకా ఏలూరు తిరిగి చేరలేదు, దహనం చూసి వెళ్ళాక తాడేపల్లిగూడెంలో అందింది. గుమ్మంలో చదివి, చించేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. అక్షరం ఎలా ఉందో చూడలేదు.

ఇదంతా సౌజన్యకి చెప్పి, ఆ సీసపు గుండు చేతిలో పెట్టాను. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టింది. కాసేపటికి తన ఫోనులో ఈమధ్య వచ్చిన ఒక కర్మ కార్డు చూపించింది. ఏదో పెళ్ళి కార్డు మీద వేసే అక్షరమే, చుట్టూ పువ్వులు. ఇవి ఎవరూ చించరు కదమ్మా అన్నాను. "చించడం ఏంటండీ?" అంది. నిజమే, ఫోనుని ఎలా చించుతారు? ఏ అక్షరం దేనికో ఇప్పుడు ఎవరికీ పట్టదు. మా నాన్న ఇప్పుడు పుట్టి ఉంటే ఆయన అక్షరం బతికేది. కానీ చుట్టం వస్తే చాప మార్చే ఇల్లూ ఇప్పుడు లేదు, ఆ చాప ఎవరికి పరుస్తాడు?

వెళ్ళేముందు పిల్ల కాగితమూ, వెడల్పు మొనున్న కలమూ నా ముందు పెట్టింది. "శ్రీ ఒక్కటి గీయండి రత్నమ్మగారూ. మీరు చూశారు కదా. అది దొరికితే మిగతావి దాన్ని బట్టి కట్టుకోవచ్చండి" అంది. గీశాను. పైభాగం వచ్చింది. అవును, అదే, ఆ నిండు గీత, ఆ సన్నటి ఎగురు, అదే. పిల్ల ముందుకి వంగి చూస్తోంది. కిందికి వచ్చి, తోక దగ్గర కలం ఆగిపోయింది.

లోపలికా, బయటికా? సీసం మీద ఒక వైపు చూశాను, కాగితం మీద ఇంకో వైపు చూశాను. రెండూ కలిసిపోయాయి. ఇంటికి వచ్చేవాళ్ళని రండి రండి అన్నట్టుండాలని అమ్మ అనడం వినిపిస్తోంది. లక్ష్మి వెళ్ళిపోతుందే అని నాన్న అనడం వినిపిస్తోంది. ఏం ఉందండీ వెళ్ళిపోవడానికి అన్న మాటా, నాన్న నవ్వూ, కోటయ్యగారి వక్క చప్పుడూ అన్నీ ఉన్నాయి. చివరికి ఎవరి మాట నెగ్గిందో గుర్తు లేదు. కళ్ళు మూసుకుని చూశాను. పిల్ల ఎంతసేపు కూర్చుందో, ఎప్పుడు బస్సుకి టైమయిందందో కూడా సరిగా గమనించలేదు. ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. రోజూ కలం పట్టుకుని తోక దగ్గరికి వస్తాను, ఆగుతాను. అడగడానికి ఎవరూ లేరు.